రంగు లేని సీసా

గోళ్ళ రంగు విషయంలో నేను పెద్ద చాదస్తం మనిషిని. భవానీపురంలో మా ఇంటి దగ్గరి ఫ్యాన్సీ షాపు ఆవిడ నన్ను చూస్తే చాలు, విసుక్కునేది. ప్రతి సీసా తిప్పి, కనపడీ కనపడని అక్షరాలు చదివి, ఫార్మాల్డిహైడ్, టోలుయీన్ లాంటి ఘాటు రసాయనాలు ఉన్నాయని కొనకుండా వచ్చేసేదాన్ని. సీసా మీద ఆకు బొమ్మ వేసినంత మాత్రాన సహజమైనదని నమ్మకూడదంటూ కనిపించినవాళ్ళందరికీ క్లాసు పీకేదాన్ని.

అలాంటి రోజుల్లో పామర్రు నుంచి మా మేనత్త ఫోన్ చేసింది. వాళ్ళది చేనేత ఇల్లు. కొడుకు మగ్గం నేస్తాడు, ఆవిడ కండెలకి నూలు చుడుతుంది. మామయ్య ఉన్నన్నాళ్ళూ ఆవిడ గోళ్ళు ఎర్రగా లేని రోజు నేను చూడలేదు. గోరింటాకు వెలిసేలోపే మళ్ళీ నూరేది. ఆయన పోయాక మానేసింది.

“నువ్వేదో వాసన రాని గోళ్ళ రంగు వాడతావంట గదా. నాకోటి తెచ్చిపెడతావా?” అని అడిగింది.

అత్తయ్యకీ రసాయనాల మీద జ్ఞానోదయం అయిందని మురిసిపోయాను. నీళ్ళతో తయారైనది మంచిదనీ, పల్చగా రెండు పూతలు వేసి బాగా ఆరనివ్వాలనీ, వేణ్ణీళ్ళు తగిలితే ఊడొస్తుందనీ అరగంట వాయించాను. ఊఁ కొడుతూ వింది. ఎందుకు కావాలని మాత్రం నేను అడగలేదు.

ఫోన్‌లో వెతికి నాకు దానిమ్మ గింజ రంగుది ఆర్డరు పెట్టాను. ఆవిడకీ అదే పెట్టబోయి ఆగాను. కోడలు ఏమనుకుంటుందో, వీధిలోవాళ్ళు ఏమంటారో! రంగు లేనిది పెట్టాను. గోళ్ళు చిట్లకుండా ఉంటాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

బస్సెక్కి వెళ్ళి చేతికిచ్చాను. ఆవిడ ఒక గోటికి రాసుకుని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకుంది. మంచిదేనంది, వాసనే లేదంది. దానిమ్మ రంగు వేసుకున్న నా గోళ్ళు చూసి బాగున్నాయంది. నాకు గర్వంగా కూడా అనిపించింది. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

మొన్న వెళ్ళినప్పుడు ఆ సీసా అద్దం దగ్గర నిండుగా అలాగే ఉంది. ఎందుకు వాడలేదని అప్పుడడిగాను.

“గోరింటాకంటే అందరూ అదోలా చూస్తారు. ఈ రంగైతే ఎవరూ ఏమీ అనరనుకున్నా. బజార్లోదాని వాసన నాకు పడదు, అందుకే నిన్నడిగా,” అంది. సీసా తీసి చూపిస్తూ, “నువ్వు రంగు లేంది తెచ్చావు. చదువుకున్నదానివి, నువ్వే వద్దనుకున్నావంటే వద్దేలే అనుకున్నా,” అంది.

నూలు సర్దుతున్న కోడలు తలెత్తి, “ఎర్రది తెచ్చుంటే నేనే పెట్టేదాన్ని గదక్కా,” అంది.

ఈసారి తప్పకుండా తెస్తానన్నాను. అత్తయ్య కండె చేతిలోకి తీసుకుని, ఇప్పుడు వద్దులే, బోసి చేతులే అలవాటైపోయాయంది. ఊరంతా వద్దంటుందని భయపడ్డాను. వద్దన్నది నేనొక్కదాన్నే.