తలెత్తకుండా అన్న ‘ఠీక్ హై’

సతీష్ చెప్పకుండా డుమ్మా కొట్టాడని ఆఫీసంతా నమ్మింది. అతను నాకు చెప్పాడన్న నిజాన్ని మూడేళ్లు దాచాను.

సాకేత్‌లోని మా ఆఫీసులో నేను టీమ్ లీడర్ని. సిబ్బంది కష్టసుఖాలు వినాలని కొత్త లీడర్లకి పాఠాలు చెప్పేవాణ్ణి. మూడేళ్ల కిందట ఒక సాయంత్రం సతీష్ వచ్చి, “సార్, మా ఆవిడకి ఏడో నెలలోనే నొప్పులొస్తున్నాయి. రేపు రాలేను” అన్నాడు. ల్యాప్‌టాప్‌ నుంచి తలెత్తకుండానే “అచ్ఛా, ఠీక్ హై” అన్నాను.

మర్నాడు మీటింగులో అతను కనబడకపోయేసరికి టీమ్ ముందే ఫోన్ చేసి, “చెప్పాపెట్టకుండా ఎక్కడికి పోయావయ్యా?” అని అరిచాను.

“బిడ్డ దక్కలేదు సార్... నిన్న మీకు చెప్పాను కదా.”

ఆ జవాబు నాకొక్కడికే వినిపించింది. ఫోన్ పెట్టేసి, “తప్పయిందంటున్నాడు” అన్నాను అందరితో. నెల తిరక్కుండా అతను ఉద్యోగం మానేశాడు.

మొన్న ఆదివారం అదే టీమ్‌తో ఇందిరాపురంలో అతనింటికి వెళ్లాను. “సతీష్, నువ్వు చెప్పావు. నేను వినలేదు, పైగా అబద్ధమాడాను. క్షమించు” అన్నాను. అతని భార్య వైపు తిరిగి, “అమ్మా, మీరూ క్షమించండి” అన్నాను.