బాల్కనీ తలుపు

ఆమె అద్దాల షాపులో పనిచేసేది. నిలువెత్తు అద్దాన్ని బల్లమీద పరిచి, ఒక్క గీత గీసి అంచుమీద తట్టిందంటే అది కిక్కురుమనకుండా రెండయ్యేది. "ఈ అమ్మాయి చెయ్యి వణకదండీ," అని షాపు యజమాని వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పేవాడు.

కూతురు పుట్టాక ఆ చేతుల్ని చూస్తేనే ఆమెకు భయం పట్టుకుంది.

పాపకింకా నెల నిండలేదు. లేత ఎండ తగిలిద్దామని ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్ళింది. వాళ్ళది మూడో అంతస్తు. పిట్టగోడ దగ్గర నిలబడగానే, తన చేతులు ముందుకు చాచుకుని పాపను వదిలేస్తున్నట్టు కళ్ళకు కట్టింది. రెప్పపాటే. పాప గుండెకు కరుచుకునే ఉంది. ఆమె మాత్రం గబుక్కున గదిలోకి వచ్చేసింది.

ఆనాటి నుంచి ఆ తలుపుకు గడియపెట్టి, గడియకు చున్నీ ముడేసేది. తడిబట్టలు గదిలోనే ఆరేసేది. అయినా ఆ దృశ్యం ఆగలేదు. స్నానం పోస్తుంటే వచ్చేది, పాలిస్తుంటే వచ్చేది.

"ఇల్లంతా ముక్కిన వాసన. ఆ తలుపు తియ్యొచ్చుగా?" అన్నాడు బస్సు డ్రైవరైన భర్త.

"దోమలొస్తాయి," అంది.

అసలు సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఆమెను పెంచింది మేనత్త. తల్లి అదే ఊళ్ళో వేరే ఉండేది. "మీ అమ్మ పిల్లల్ని పెంచే మనిషి కాదు" అన్న ఒక్క ముక్క తప్ప తల్లి గురించి ఆ ఇంట్లో ఎవరూ ఏమీ చెప్పలేదు. ఇప్పుడు పాప ఏడ్చినప్పుడల్లా ఆ ముక్క ఎవరో వెనక నిలబడి అంటున్నట్టుండేది.

ఒక మధ్యాహ్నం పాపను భర్తకు అప్పగించి, తల్లి పనిచేసే హాస్టల్ వంటగదికి వెళ్ళింది. తల్లి గంగాళం తోముతోంది.

"నేను పుట్టినప్పుడు ఏం జరిగింది?"

తల్లి చేతిలో పీచు ఆగింది. "ఏమీ జరగలేదమ్మా."

"మరి నన్నెందుకు తీసుకెళ్ళిపోయారు?"

"నిన్ను నీళ్ళలో ముంచేస్తానేమోనని భయమేసేది. ముంచాలని కాదే తల్లీ, ముంచేస్తానేమోనని. మీ నాన్నతో చెప్పాను. చెప్తే కాస్త కనిపెట్టుకుని ఉంటాడనుకున్నా. సాయంత్రానికల్లా మీ మేనత్త వచ్చి నిన్ను పట్టుకెళ్ళింది." అప్పుడు తలెత్తి కూతురి మొహంలోకి చూసింది. "నీక్కూడానా?"

ఆమె తలూపింది.

తల్లి గంగాళం పక్కకు జరిపింది. "చెప్పి నిన్ను పోగొట్టుకున్నదాన్ని. నిన్ను చెప్పమనడానికి నాకు ధైర్యం చాలట్లేదు. చెప్పొద్దనడానికి అసలే చాలట్లేదు."

ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా, గుమ్మంలోనే భర్తకు చెప్పేసింది. అతను పాపను భుజంమీదికి మార్చుకున్నాడు. ఆ కాసేపట్లో మెట్లమీద మేనత్త అడుగులు వినబడ్డట్టే అయింది ఆమెకు.

"వంతెన ఎక్కినప్పుడల్లా స్టీరింగ్ నీళ్ళవైపు తిప్పేస్తానేమో అనిపిస్తుంది నాకు," అన్నాడు చివరికి. "బస్సునిండా జనం. ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పలేదు. తిప్పనూ లేదు. పద, డాక్టర్‌కి చూపిద్దాం. పాప మాత్రం ఎక్కడికీ వెళ్ళదు."

డాక్టరమ్మ కంగారు పడలేదు. బాలింతల్లో చాలామందికి ఇలాంటి తలపులు వస్తాయని, నోరు విప్పి చెప్పడమే మంచిదయిందని అంది. మందులిచ్చింది. ఆమెకు నిద్ర చాలా అవసరమనీ, పాప పని ఇద్దరూ పంచుకోవాలనీ చెప్పింది. నెలలు గడిచేకొద్దీ ఆ దృశ్యం పలచబడింది. పూర్తిగా పోయిందని మాత్రం ఆమె ఎప్పుడూ అనలేదు.

ఇప్పుడు సెలవురోజుల్లో తల్లి వస్తుంది. గోడకు ఆనుకుని కూర్చుంటుంది. మనవరాలు పాక్కుంటూ వచ్చి ఒళ్ళోకి ఎక్కబోతే, నిప్పు తగిలినట్టు రెండు చేతులూ పైకెత్తేసి కూతురి మొహంలోకి చూస్తుంది.

"ఎత్తుకోనా?"

"అడగాలా అమ్మా?"

అప్పుడు ఎత్తుకుంటుంది. మళ్ళీ వచ్చినప్పుడు, మళ్ళీ అడుగుతుంది.