పడక సైకిలు మీద సారె

ఒక డబ్బా అరిసెలు, ఒక బిందె చలిమిడి, ఒక సంచి జొన్న పేలాలు. ఇంతకన్నా సాధువైన సరుకు లోకంలో ఉండదు. ఈ సరుకుతో ఒక సీమంతాన్ని తలకిందులు చేసి, ఇంటిల్లిపాదికీ నూతి దగ్గర కట్టుబట్టలతో తలస్నానాలు చేయించి, మండుతున్న గాడిపొయ్యిలో నీళ్లు పోయించడం అందరివల్లా అయ్యే పని కాదు. నావల్ల అయింది. అందుకోసం పెద్దగా కష్టపడ్డానని కూడా చెప్పలేను. చాలావరకు పడుకునే చేశాను.

అప్పటికి యాభైల దశకం ముగుస్తోంది. నేను ఇంటరు తప్పి, సత్తెనపల్లి దగ్గర మా ఊళ్లో ఖాళీగా ఉన్నాను. పాసైనవాడికి కాలేజీ ఉంటుంది, తప్పినవాడికి ఆలోచనలు ఉంటాయి. నా ఆలోచన గుంటూరులో ఒక పాతకాగితాల దుకాణంలో దొరికింది. చిరిగిన ఇంగ్లీషు పత్రికలో ఒక బొమ్మ. అందులో ఒక దొర వెల్లకిలా పడుకుని, కాళ్లు ముందుకు చాపి, హాయిగా సైకిలు తొక్కుతున్నాడు. ఆ పేజీ చించుకుని సత్తెనపల్లిలో సైకిలు షాపు నడిపే నా స్నేహితుడు మస్తాను దగ్గరికి పరిగెత్తాను.

మస్తాను బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"కూర్చుని తొక్కితే ఏం పోయిందిరా సాంబా?"

"నడుం నొప్పి పుట్టదురా. ఎదురుగాలి తగలదు. ఎంత దూరమైనా పోవచ్చు."

"మధ్యలో నిద్రొస్తే?"

"సైకిలు మీద ఎవడన్నా నిద్రపోతాడట్రా?"

పాఠకులు ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోవాలి. నేను మాత్రం అక్కడే మర్చిపోయాను.

ఒక విరిగిన రిక్షా, ఒక పాత సైకిలు, మా తాతయ్య పడక కుర్చీ కలిపి మస్తాను ఆ బండిని తయారుచేశాడు. వెనక రెండు రిక్షా చక్రాలు, ముందు ఒక సైకిలు చక్రం, మధ్యలో పడక కుర్చీ గుడ్డ. పెడళ్లు ఎక్కడో ముందు, ముక్కు కన్నా ఎత్తున ఉంటాయి. హ్యాండిలు తుంటికి రెండు పక్కలా ఉంటుంది. తొక్కేవాడికి ఆకాశం బాగా కనిపిస్తుంది, రోడ్డు కొంచెం కనిపిస్తుంది. మా ఊళ్లో దాన్ని చూసి ఎడ్లు బెదిరాయి, కుక్కలు మాత్రం జాలిపడి మొరగడం మానేశాయి.

ఆ సమయంలోనే పొన్నూరు నుంచి కబురొచ్చింది. మా అక్క రాజ్యానికి ఏడో నెల. సీమంతం తన ఇంట్లోనే జరగాలని అక్క అత్తగారు కనకరత్నమ్మగారు పట్టుబట్టారు. సాయానికని మా అమ్మ ముందే వెళ్లిపోయింది. పుట్టింటి సారె మేం పంపాలి. కనకరత్నమ్మగారు శకునాలకు భయపడే మనిషి. పిల్లి ఎదురైతే మజ్జిగ తాగి మళ్లీ బయల్దేరుతారు, ఆ మజ్జిగ గిన్నె జారితే ఇక ఆ ప్రయాణమే మానుకుంటారు. సారె వేళకు రాకపోయినా, వచ్చిన చలిమిడి పలచగా ఉన్నా, మా అక్క ఆ మాట జీవితాంతం వింటూ ఉండాల్సిందే. అక్క మాత్రం తనకోసం ఒక్కటే అడిగింది. పొన్నూరులో ఎటు చూసినా వరి అన్నమే, పుట్టింటి జొన్న పేలాలు తినాలని ఉందిట.

నాన్న కదలడానికి లేదు. మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి, కాపలా లేకపోతే పొద్దునకి కల్లమే మిగులుతుంది. సారె మోసే భారం నామీద పడింది.

"బస్సులో పోరా," అంది నాయనమ్మ.

"బస్సు టాపు మీద వేస్తే అరిసెలు పిండి అవుతాయే నాయనమ్మా. నా బండి మీద అయితే కుదుపు ఉండదు."

"ఆ పాడె మీదా?"

నాయనమ్మ పెద్దది, లోకం చూసింది. ఆ మాట అప్పుడే చెవికి ఎక్కించుకుని ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు.

మామూలు సైకిలుకు సామాను కట్టడం ఎవరికైనా వస్తుంది. హ్యాండిలుకు ఒక సంచి, వెనక క్యారియరు మీద ఒక మూట. పడక సైకిలుకు ఆ రెండూ లేవు. ముందు కాళ్లున్నాయి, వెనక తల ఉంది. రోజంతా ఆలోచించి ఒక ఏర్పాటు చేశాను. అరిసెల డబ్బా తల కింద దిండులా పెట్టాను. సున్నుండల మూట మోకాళ్ల కింద దూర్చాను, కాళ్లకు ఊతంగా ఉంటుందని. నాన్న పేరు చెక్కిన ఇత్తడి బిందెలో చలిమిడి పెట్టి, నడుం పక్కన తాళ్లతో బిగించాను. పంపు, పంక్చరు సామాను చంకలో. దారిలో దాహానికి మజ్జిగ కుండ ఉట్టిలో పెట్టి బండి ముందు వేలాడదీశాను. పేలాల సంచికి చోటు మిగల్లేదు, దాన్ని కుర్చీ గుడ్డ కింద వెనక చక్రం పక్కన కట్టాను. చక్రానికీ సంచికీ మధ్య వేలెడు సందు ఉంది. ఆ సందు చాలనుకున్నాను.

తెల్లవారకముందే బయల్దేరాను. ఎండ ఎక్కేసరికి దారికి రెండు పక్కలా మిరప కల్లాలు. మామూలుగా సైకిలు మీద పోయేవాడికి ఆ ఘాటు తల కిందుగా పోతుంది. నా ముక్కు కల్లానికి సమానమైన ఎత్తులో ఉంది. తుమ్మి తుమ్మి, మొహానికి తడి తువ్వాలు కప్పుకుని, దాని సందులోంచి చూస్తూ తొక్కాను. తర్వాత ఎండ వచ్చింది. నాయనమ్మ అరిసెల డబ్బా మీద కప్పిన తెల్ల దుప్పటి లాగి, మెడ నుంచి మోకాళ్ల దాకా కప్పుకున్నాను.

అప్పటి నుంచి దారిలో నాకు జరిగిన మర్యాద ఏ జమీందారుకీ జరిగి ఉండదు. ఎదురొచ్చిన పత్తి బళ్లవాళ్లు బండి పక్కకు తీసి, తలగుడ్డలు విప్పారు. పొలాల్లో ఆడవాళ్లు కొడవళ్లు కింద పెట్టి నిలబడ్డారు. ఒక ముసలాయన చేతులు జోడించాడు. కొత్త యంత్రానికి మన రైతులు ఇంత విలువ ఇస్తారని నేను అనుకోలేదు. పలకరిద్దామనుకున్నాను గానీ, తువ్వాలు తీస్తే కళ్లు మండుతాయని ఊరుకున్నాను. వెనక పేలాల సంచికి చక్రం ఒరిసి చిల్లు పడిందనీ, దారి పొడుగునా తెల్లటి పేలాలు రాలుతున్నాయనీ నాకు తెలియదు. దూరం నుంచి చూసేవాళ్లకు తొక్కే కాళ్లు కూడా కనిపించలేదేమో. ముందు వేలాడే కుండ కనిపించింది, దుప్పటి కనిపించింది, పేలాలు కనిపించాయి. ఇక చూడాల్సింది ఏముంది?

గుంటూరు దాటి కొంత దూరం వచ్చేసరికి మధ్యాహ్నం అయింది. రోడ్డు పక్కన వేపచెట్టు, పక్కనే కాలవ. కాసేపు ఆగుదామని బండి నీడలోకి పోనిచ్చి, మజ్జిగ తాగి, దిగడం ఎందుకని అలాగే మళ్లీ వాలిపోయాను. తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాను. ఈ బండిలో ఉన్న గొప్ప సుఖం అదే. అలసినప్పుడు వేరే మంచం వెతుక్కోనక్కర్లేదు.

మెలకువ వచ్చేసరికి నా దుప్పటి మీద చిల్లర డబ్బులు, రెండు బంతిపూలు ఉన్నాయి. పక్కన మట్టిలో బస్సు చక్రాల గుర్తులు, రేడియేటరుకు నీళ్లు పోసిన తడి. ప్రయాణికులు నా యంత్రాన్ని చూసి మెచ్చుకుని బహుమతి ఇచ్చి ఉంటారనుకున్నాను. నిద్ర లేపడం ఇష్టం లేక వెళ్లిపోయారనుకున్నాను. బంతిపూలు చెవిలో పెట్టుకుని, ఆ చిల్లరతో తర్వాత ఊళ్లో సోడా తాగాను. తన మీద వేసిన డబ్బుతో సోడా తాగిన శవం బహుశా నేనొక్కణ్ణే.

పొన్నూరులో అక్కావాళ్ల వీధి మొదట్లోకి వచ్చేసరికి ఏడుపులు వినిపించాయి. నేను బండి దిగి తోసుకుంటూ వెళ్తున్నాను. అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"ఎవరు పోయారండీ?"

"కనకరత్నం కోడలి తమ్ముడటయ్యా. కుర్రాడు."

"అయ్యో పాపం," అన్నాను. నిజంగానే బాధ వేసింది. "మంచి కుర్రాడేనా?"

"ఏమోనయ్యా. ఇంటరు తప్పాడట."

ఈ వీధిలో ఇంకో కనకరత్నం ఉండొచ్చు. ఆవిడకు ఇంకో కోడలు ఉండొచ్చు. కానీ ఇంటరు తప్పిన సంగతి దగ్గర నా కాళ్లు ఆగిపోయాయి. రాజ్యానికి ఉన్నది ఒక్కడే తమ్ముడు.

వాకిట్లోకి వెళ్తే నూతి చుట్టూ జనం తడి బట్టలతో ఉన్నారు. గాడిపొయ్యి మీద పొగ తప్ప నిప్పు లేదు. పులిహోర, బూరెలు కుడితి గోలెంలో తేలుతున్నాయి. అమ్మ నన్ను చూసింది. చూసి లేచి, వచ్చి, ఒక చెంపదెబ్బ కొట్టింది, పట్టుకుని ఏడ్చింది, వదిలి మళ్లీ ఇంకొకటి కొట్టింది. తడి చీరలో వణుకుతోంది. ఈ ఉదంతం ఎన్నోసార్లు చెప్పి నవ్వించాను గానీ, ఈ ఒక్క చోట మాత్రం నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

"అక్కడే ఆగు," అన్నారు కనకరత్నమ్మగారు గడప మీద నుంచి.

ఆవిడ పక్కన ఆవిడ తమ్ముడు శేషయ్యగారు నిలబడి ఉన్నారు. సీమంతానికి గుంటూరు నుంచి బస్సులో వచ్చింది ఆయనే. వార్త తెచ్చింది కూడా ఆయనే.

"నేను కళ్లారా చూశానక్కా. ముందు కుండ ఉంది. దారంతా పేలాలున్నాయి. దుప్పటి కప్పి ఉంది. ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకెళ్తూ, బండి తోసేవాడు టీ తాగడానికి పోయాడేమో అనుకున్నాను. బిందె మీద మీ వియ్యంకుడి పేరు చదివి, సారె తెచ్చేది ఆయన కొడుకేనని గుర్తొచ్చాకే నా గుండె జారింది."

"ఒకసారి కదిపి చూడొచ్చు కదండీ?" అన్నాను.

"శుభకార్యానికి వస్తూ శవాన్ని ముట్టుకుంటానటయ్యా? డ్రైవరు హారను కొట్టాడు. నువ్వు పలికావా?"

హారను నాకు కలలో వినిపించినట్టు గుర్తు.

"ఇప్పుడు దారేమిటండీ పంతులుగారూ?" అన్నారు కనకరత్నమ్మగారు. "చచ్చాడని స్నానాలు చేశాం. వీడేమో చెవిలో పూలు పెట్టుకుని వచ్చాడు. వీడు తెచ్చిన చలిమిడి కడుపుతో ఉన్న పిల్లకు పెట్టొచ్చా?"

మా అక్క కిటికీ వెనక నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి మొహం వాచింది. చలిమిడి వద్దంటే సీమంతం లేదు. సీమంతం ఆగితే అది నావల్లేనని అక్కకు తెలుసు, అయినా నన్ను చూసి నవ్వడానికి ప్రయత్నిస్తోంది. అప్పుడు నాకు సిగ్గుతో తల ఎత్తుకోలేని స్థితి వచ్చింది.

పంతులుగారు పొద్దుటి నుంచి ఉపవాసం ఉన్నారు. ఆయన కుడితి గోలెం వంక ఒకసారి, నా అరిసెల డబ్బా వంక ఒకసారి చూశారు.

"పోయాడని మైల పట్టాక తిరిగి వచ్చినవాడు మళ్లీ పుట్టినట్టే లెక్కమ్మా. జాతకర్మ చేసి, నామకరణం చేసి, లోపలికి తీసుకోవాలి."

"అలా అయితే పురిటి మైల రాదుటండీ?"

"పురుడు పోసుకున్న తల్లి లేదు కదమ్మా. మైల ఎవరికి వస్తుంది?" అన్నారు పంతులుగారు కొంచెం విసుగ్గా. "వర్జ్యం వస్తోంది. కానివ్వండి."

ఇంట్లో నాకు సరిపడే ఉయ్యాల లేదు. అందరూ ఒక్కసారి నా బండి వంక చూశారు. నన్ను మళ్లీ అందులోనే పడుకోబెట్టారు. పసుపు నీళ్లు చల్లారు. కనకరత్నమ్మగారు ఉగ్గుగిన్నెతో చెంచాడు ఆముదం నా నోట్లో పోశారు, పసివాడికి పోసినట్టే ముక్కు మూసి మరీ పోశారు. ముత్తయిదువులు బండిని ముందుకూ వెనక్కూ ఊపుతూ జోలపాట పాడారు. నాన్న లేరు కాబట్టి శేషయ్యగారు నా చెవిలో పేరు చెప్పారు. ఆయనకు నా పేరు సరిగా తెలియదు. "సాంబయ్య" అన్నారు. సాంబశివరావుగా ఉండాలని ఉందని నేను మనవి చేసుకుంటే, పసిపిల్లలు మాట్లాడకూడదని పంతులుగారు గదిమారు.

ఆ తర్వాత చలిమిడి లోపలికి వెళ్లింది, సీమంతం జరిగింది. బూరెలు కుడితిలో పోయాయి కాబట్టి వచ్చినవాళ్లందరికీ మా నాయనమ్మ అరిసెలే భోజనం. ఒక్కటి కూడా విరగలేదని అందరూ ఒప్పుకున్నారు. కుదుపు లేదని నేను ముందే చెప్పాను కదా. గాజులు తొడిగించుకుని అక్క నా దగ్గరికి వచ్చి, "పేలాలు తెచ్చావురా?" అంది. సంచి దులిపితే అడుగున ఒక గుప్పెడు ఉన్నాయి. వాటిని అక్కడే నిలబడి ఒక్కొక్కటే తినేసింది. మిగతావి గుంటూరు జిల్లా రోడ్ల మీద ఉన్నాయని నేను చెప్పలేదు.

రెండు నెలలకు మేనల్లుడు పుట్టాడు. వాడికి మాటలు వచ్చిన దగ్గర నుంచి ఇదే పేచీ. పంతులుగారి లెక్క ప్రకారం మామయ్య తనకన్నా రెండు నెలలే పెద్ద కాబట్టి, మామయ్యా అని ఎందుకు పిలవాలని వాడి వాదం. ఇప్పుడు వాడికి జుట్టు నెరిసింది, అయినా నన్ను "ఏరా సాంబయ్యా" అనే పిలుస్తాడు. కాదనడానికి నా దగ్గర శాస్త్రం లేదు.

బండిని మస్తాను మళ్లీ విప్పి, రిక్షాను రిక్షాగా, కుర్చీని కుర్చీగా చేసి ఇచ్చాడు. నేను ఆ రోజే ఇలవేల్పు మీద ప్రమాణం చేసి ఒక శపథం పట్టాను, నేటిదాకా తప్పలేదు. ఇకమీదట ఎంత దూరమైనా కూర్చునే వెళ్తాను. పడుకుని వెళ్లే ప్రయాణం ఇంకొక్కటి మిగిలే ఉంది, అది తప్పదు. అప్పుడు కుండ, పేలాలు, దుప్పటి మీరే చూసుకోండి. నేను మాత్రం సామాను ఏమీ తీసుకురాను.