ఎడమవైపు సొట్ట

“తెలుపంటే ఒకటే తెలుపు అనుకుంటారమ్మా జనం. పాల తెలుపు వేరు, సున్నం తెలుపు వేరు, ఫ్రిజ్జు తెలుపు వేరు. మా సిపాయిగాడికి ఇవేవీ పనికిరావు. పదేళ్లు ఎండలో నిలబడ్డ తెలుపు కావాలి వాడికి. అలాంటి డబ్బా ఏ కొట్లో దొరుకుతుందిరా అంటే, దొరకదు బావా, నువ్వే కలపాలి అనేవాడు.”

రంగులాయన ఈ మాటలంటూనే స్టూలు మీది దుమ్మును గుడ్డతో దులిపి, కూర్చోమన్నట్టు ముందుకు జరిపాడు. కుట్టుపనావిడ కూర్చుని కవరును ఒళ్లో పెట్టుకుంది. అందులో మెడ నుంచి మడమల దాకా ఒకే ముక్కగా కుట్టిన నల్లటి తొడుగు ఉంది. తెల్లటి కవచం పలకల సందుల్లోంచి ఒంటి రంగు కనబడకుండా లోపల వేసుకునేది. అది కుట్టి ఎనిమిది నెలలయింది. కొలతలిచ్చిన మనిషి తీసుకెళ్లడానికి రాలేదు. ఆవిడ ఉండేది రెండు వీధుల అవతలే కనక, ఎందుకు రాలేదో మూడో రోజునే తెలిసింది. ఎవరికివ్వాలో, ఏమని ఇవ్వాలో తోచక కవరును కొట్లో కొక్కేనికి వేలాడదీసింది. కొత్తగా వచ్చినవాళ్లు అది ఎవరిదని అడిగినప్పుడల్లా మాట మార్చేది. ఈ రోజు మధ్యాహ్నం ఎందుకో కొక్కెం మీంచి తీసి, కొట్టు తలుపు దగ్గరగా వేసి, నేరుగా ఇక్కడికి వచ్చేసింది.

రంగులాయన కుడి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. ఏమైందన్నయ్యా అని అడిగితే, పనిలో ఏదో తగిలిందిలే అని చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఆవిడ రెట్టించలేదు. కుట్టుపని ఆవిడకు ఎవరూ నేర్పలేదు. పాత బట్టల కుట్లు విప్పి, ఏది ఎక్కడ మొదలైందో చూసుకుంటూ నేర్చుకుంది. లాగితే చిరుగుతుందని, ఆగితే దారం తనంతట తానే వదులవుతుందని ఆవిడకు తెలుసు.

అది కార్లకు సొట్టలు తీసి రంగు వేసే షెడ్డు. తలుపు లేని ఒక కారు మధ్యలో నిలబడి ఉంది. దాని అద్దాలకు పాత పేపర్లు అంటించి ఉన్నాయి. కంప్రెసర్ పక్క గోడకు పొడవాటి అర. ఆ అర మీద వరసగా తెల్లటి పలకలు: భుజాలవి, మోచేతులవి, తొడలవి, పిక్కలవి. చివర శిరస్త్రాణం, కళ్ల చోట నల్లటి అద్దాలతో. వీటన్నిటికీ మధ్యన ఛాతీ పలక. షెడ్డంతా మోకాలి లోతు దుమ్మున్నా ఆ అర మీద మాత్రం వేలు పెడితే మరక అంటదు.

సిపాయి అంటే రంగులాయన భార్యకు తమ్ముడు. కొరియర్ ఆఫీసులో పార్సిళ్లు తూకం వేసి చీటీలు అంటించే గుమాస్తా. సైన్యం ముఖం ఎరగడు. గోడ మీద బొద్దింక కనబడితే అక్కను కేకేసే రకం. ఈ కవచం పిచ్చి మొదలయ్యాక బావ పెట్టిన పేరది. చివరికి ఆఫీసులో కూడా అదే స్థిరపడింది.

ఆ పిచ్చికి మూలం చిన్నప్పుడు చూసిన ఒక అంతరిక్ష సినిమా. అందులో కథానాయకుడి కవచం అతనికి అక్కర్లేదు. వందలమంది సిపాయిలు ఓడలోకి నడిచి వెళ్తుంటే మూడో వరసలో ఒకడు ఒక్కసారి తల తిప్పి వెనక్కి చూస్తాడు. వాడికి పేరు లేదు, మాట లేదు. తెర మీద ఉండేది తొమ్మిది సెకన్లు. హీరో కవచాన్ని ఊరికొకడు చేశాడు బావా, వీడిని పట్టించుకున్నవాడు లేడు, అనేవాడట. ఆ తొమ్మిది సెకన్లను ఆపి ఆపి చూసి, బొమ్మలు అచ్చు తీసి, స్కేలుతో కొలిచి, చెక్కతో అచ్చులు చెక్కుకున్నాడు. ప్లాస్టిక్ షీటును వేడి చేసి అచ్చు మీద పరిచి, కింది నుంచి వాక్యూమ్ క్లీనరుతో గాలి లాగేవాడు. షీటు అచ్చుకు అతుక్కుని అదే రూపంలో గట్టిపడేది. పది షీట్లకు రెండు నిలిచేవి.

ఇలాంటి వేషాలు ఉన్నదున్నట్టుగా చేసేవాళ్లకు ఒక సంఘం ఉంది. ఆదివారాలు అవి తొడుక్కుని ఆస్పత్రుల్లో పిల్లల వార్డులకు వెళ్తారు. అందులో చేరాలంటే నాలుగు వైపుల ఫొటోలు పంపాలి. సినిమా బొమ్మలతో పోల్చి ముగ్గురు పరీక్షిస్తారు. కవచం మీది చార ఒక నూలుపోగంత లావైనా దరఖాస్తు తిరిగొచ్చేస్తుంది.

అతని పట్టుదల కుట్టుపనావిడకు కూడా తెలుసు. రెండుసార్లు తెచ్చిన గుడ్డను వద్దన్నాడు. ఇది నలుపు కాదక్కా, బాగా ముదిరిన నీలం అన్నాడు. ఇరవై ఏళ్లుగా నలుపు అమ్ముతున్న కొట్టు నుంచి తెచ్చాను, నువ్వు నాకు చెప్పేదేమిటని ఆవిడకు ఒళ్లు మండింది. అతను వెళ్లిపోయాక గుడ్డను ఎండలోకి తీసుకెళ్లి చూసింది. నీలమే. ఆ రోజు నుంచి ఏ నలుపునైనా ఎండలో చూడందే ఆవిడ కత్తెర పెట్టదు.

ఇదంతా చెబితే రంగులాయన మొదటిసారి నవ్వాడు. తాను కూడా మొదట్లో ఎగతాళి చేసినవాడేనన్నాడు. మనిషన్నవాడికి బానెట్టు ఎందుకురా అంటే, ఇన్సూరెన్సు ఉండుంటే ఈపాటికి నువ్వే ఎగబడి చేసేవాడివి బావా అని వాడు అంటించేవాడట. ఒక ఆదివారం భుజం పలక మీద బ్రష్షుతో రంగు పూస్తున్నాడు సిపాయి. రంగు కన్నీళ్లలా కిందికి జారుతోంది. ముప్పై ఏళ్లు స్ప్రే గన్ పట్టిన మనిషి ఆ దృశ్యం ఎంతసేపని చూస్తాడు? ఆ బ్రష్షు ఇలా పడెయ్యి అని లాక్కున్నాడు. అంతే, నాలుగేళ్లు లాక్కున్నది వదల్లేదు. ఆకారం బామ్మర్దిది, రంగు బావది అని పంచుకున్నారు. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టకూడదని ఒప్పందం. మా ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఒకడికి నలభై, ఇంకొకడికి యాభై ఎనిమిది అని సిపాయి అక్క కనబడినవాళ్లందరికీ చెప్పుకునేది.

“తప్పు అక్కడే జరిగిందమ్మా,” అన్నాడు రంగులాయన. “వాడి ఆకారం బొమ్మలు నేనెప్పుడూ తెరిచి చూడలేదు.”

ఆఫీసువాళ్లు ట్రైనింగుకు పంపుతున్నారని చెప్పి సిపాయి పదిహేను రోజులు ఊరెళ్లాడు. వచ్చేసరికి అన్ని పలకలకూ రంగు పూర్తి చేసి, వాడి నోట మాట రాకుండా చేయాలనుకున్నాడు బావ. కార్లు తెచ్చినవాళ్లను వారం తరవాత రమ్మన్నాడు. ఛాతీ పలక చేతిలోకి తీసుకుంటే ఎడమవైపు వేలికొనంత సొట్ట కనబడింది. ఎక్కడో తగిలి లోపలికి పోయి ఉంటుంది, వీడు చూసుకోలేదు పాపం అనుకున్నాడు. డబ్బాలోంచి కత్తితో పుట్టీ తీశాడు. సొట్ట నింపి, ఆరాక నీళ్లతో తడిపిన ఎమరీ కాగితంతో నాలుగు దఫాలు రుద్దాడు. దాని మీద ప్రైమర్, ప్రైమర్ మీద ఆ పదేళ్ల ఎండ తెలుపు. అక్కడ ఒకప్పుడు సొట్ట ఉండేదని ఒట్టేసి చెప్పినా ఎవరూ నమ్మరు. సొట్ట కనబడితే పూడ్చడమే తన బతుకని, ఆ పూట తన చెయ్యి తనను అడగనే లేదని చెప్పాడు.

సిపాయి తిరిగొచ్చాడు. మనిషి చిక్కిపోయి, కళ్ల కింద నలుపు దిగి ఉన్నాడు. అక్కడి తిండి పడలేదన్నాడు. పలకను రెండు చేతులా పట్టుకుని అరచేత్తో మెల్లగా తడిమాడు. ఎడమవైపు వచ్చేసరికి చెయ్యి ఆగింది. చాలాసేపే ఆగింది. తన పనితనానికి ముచ్చటపడుతున్నాడని బావ మురిసిపోయాడు.

“అద్దంలా ఉంది బావా,” అన్నాడు సిపాయి.

అన్నీ తొడుక్కున్నాడు. నల్ల తొడుగు ఇంకా నీ దగ్గర కుట్టులోనే ఉంది కదమ్మా, పాత నల్ల చొక్కా ప్యాంటు మీదే కట్టుకున్నాడని రంగులాయన చెప్పాడు. పట్టీలను ఆఖరి బెజ్జం దాకా లాగినా కవచం వదులుగానే ఉంది. నాలుగు వైపులా ఫొటోలు తీయించుకుని సంఘానికి పంపాడు. మరో ఆరు వారాలకు మనిషే లేడు. ట్రైనింగన్న ఆ పదిహేను రోజులూ ఆస్పత్రిలో పరీక్షలు చేయించుకున్నాడని, వాళ్లు చెప్పాల్సింది చెప్పేశారని తరవాత తెలిసింది.

సంఘం నుంచి జవాబు ఆలస్యంగా వచ్చింది. అక్క చదివింది, బావ విన్నాడు. శిరస్త్రాణం సరిపోయింది, చారలు సరిపోయాయి, తెలుపు ఇంత సరిగ్గా కలిపినవాళ్లను తామింతవరకు చూడలేదన్నారు. తరవాత రాసింది రంగులాయనకు అక్షరం పొల్లు పోకుండా నోటికొచ్చు. “ఎడమ ఛాతీ మీద సొట్ట లేదు. అది తెలిసే పంపుతున్నానని, మా బావ వేసిన రంగు మీద గీత కూడా పెట్టనని, ఒప్పుకుంటే ఇలాగే ఒప్పుకోమని మీరు రాశారు. మీ మాట మాకు నచ్చింది. కానీ నియమం ప్రకారం ఒప్పుకోలేకపోతున్నాం.”

సొట్టా, అంటూ అక్క కాగితం ఒళ్లో పెట్టుకుంది. ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ట్రైనింగుకు వెళ్లడానికి ముందు వారం తమ్ముడు బొటనవేలు కాల్చుకుని వచ్చాడు. చెంచా వెనక్కి తిప్పి నొక్కితే సినిమాలో సొట్టలా రాలేదట, గోళీతో నొక్కితే మరీ గుండ్రంగా వచ్చిందట. ఇక వేడి ప్లాస్టిక్ మీద వేలే పెట్టేశానన్నాడు. ఆమె మందు రాస్తూ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. వేలు బొబ్బెక్కితే ఎక్కిందక్కా, గీతలతో సహా భలే పడిందిలే అని నవ్వాడట.

రంగులాయన లేచి వెళ్లి అర మీంచి ఛాతీ పలకను దించాడు. కుట్టుపనావిడ ఒళ్లోని కవరు పక్కకు జరిపి దాన్ని అక్కడ పెట్టాడు. పై నుంచి చూస్తే నున్నటి తెలుపు, ఎక్కడా వంక లేదు. లోపలికి చెయ్యి పెట్టమన్నాడు. ఆవిడ పెట్టింది. ఎడమవైపు లోపలిగోడ మీద చింతగింజంత బుడిపె తగిలింది.

“పైన పూడ్చాను కానీ వెనక్కి తిప్పి చూసుకోలేదమ్మా. తిప్పి చూసి ఉంటే ఆగేవాడినేమో. ఈ అర తుడిచేటప్పుడు రోజూ మీ వదిన పలకను దించకుండానే వెనకనుంచి చెయ్యి పెట్టి దీన్ని ముట్టుకుంటుంది. నేను చూడలేదనుకుంటుంది. మొన్న ఒకరోజు తనే అడిగేసింది.”

“ఏమని?”

“ముందు నుంచి ముట్టుకోవాలని ఉందండీ అంది.”

బయట ఎవరో కారు హారన్ కొట్టి, లోపలి నుంచి జవాబు లేకపోయేసరికి వెళ్లిపోయారు.

థిన్నరు పోసి పుట్టీని కరిగించకూడదా అని ఆవిడ అడిగింది. పుట్టీతో పాటు ప్లాస్టిక్కూ కరుగుతుందన్నాడు. రుద్ది తీయడం ఒక్కటే దారి. పైన తెలుపు, దాని కింద బూడిద రంగు ప్రైమర్, దాని కింద పసుపు పుట్టీ, అన్నిటికీ అడుగున మళ్లీ తెల్లటి ప్లాస్టిక్. ఆ అడుగునే వాడి వేలిగీతలు. పసుపు ఉన్నంతసేపూ గీకొచ్చు. తెలుపు తొంగిచూసిన క్షణాన చెయ్యి ఆగాలి. ఇంకొక్క రుద్దు ఎక్కువైతే గీతలు పొడిగా రాలిపోతాయి.

బల్ల కింది నుంచి అట్టపెట్టె లాగాడు. అందులో నాలుగు ప్లాస్టిక్ ముక్కలున్నాయి. ఒక్కొక్కదాన్ని వేడి చేసి, తన బొటనవేలితో నొక్కి, పుట్టీ నింపి, రంగేసి, మళ్లీ రుద్ది చూసుకున్నవి. ఆవిడ వాటిని వెలుతురుకు ఎత్తి చూసింది. నాలుగింట్లోనూ సొట్ట ఉంది, గీతలు లేవు. అప్పుడు ఆ వేలి గుడ్డ సంగతి ఆవిడకు అర్థమైంది.

“చేతికి తెలియక కాదమ్మా. కళ్లల్లో పొర. పసుపు ఎక్కడ ఆగిందో తెలుపు ఎక్కడ మొదలైందో నాకు కనబడటం లేదు. షుగరు దిగితేనే ఆపరేషన్ అంటున్నారు, నాలుగు నెలల నుంచీ అదే మాట. దిగేది ఎప్పుడు, మీ వదిన ముట్టుకునేది ఎప్పుడు?”

వదిన చూసి చెప్పలేదా అంటే తల అడ్డంగా ఊపాడు. అది పక్కన నిలబడుతుంది, నిలబడగానే కళ్లు నిండుతాయి, అప్పుడు నాకంటే గుడ్డిది అన్నాడు.

కుట్టుపనావిడ పలకను రెండు చేతులా ఎత్తి ఆయనకు అందించింది. నల్ల తొడుగును కవరులోంచి తీసి, మడత విప్పకుండా అర మీద, ఛాతీ పలక ఉండే ఖాళీలో పెట్టింది. రంగులాయన దాని మీద అరచెయ్యి వేసి, కళ్లకు దగ్గరగా వంగి చూశాడు.

“ఇది నలుపే కదా?”

“నలుపే అన్నయ్యా. ఎండలో చూశాకే కత్తిరించాను.”

ఆయన తల ఊపి, ఆవిడను షెడ్డు గుమ్మం దాకా సాగనంపాడు. చెప్పులు వేసుకుంటుంటే వెనక నుంచి పిలిచాడు.

“రేపు పొద్దున పదింటికి ఒకసారి రామ్మా, బల్ల మీద ఎండ పడే వేళకి. కళ్లద్దాలు మరిచిపోకు. నేను రుద్దుతుంటాను, నువ్వు చూస్తుండు. పసుపులో తెలుపు కనబడగానే ఆగమను. నా చెయ్యి మొండిది, మాట వినకపోవచ్చు. వినకపోతే పట్టుకుని లాగెయ్.”