ఎలీయేజరు మాస్టారు ఎంచిన లిఫ్టర్

మా ఆశ్రమ పాఠశాలకు కొత్తగా వచ్చిన పీఈటీ మణిదీప్ మంచి కుర్రాడే, కాకపోతే నోటికి అదుపు లేదు. మొన్న స్టాఫ్ రూములో టీ తాగుతూ, రిటైరైన మా పాత పీఈటీ ఎలీయేజరు మాస్టారి మాట ఎత్తాడు. వాలీబాల్‌కు పిల్లల్ని ఎంచడంలో ఆయన్ని మించినవారు ఈ కొండల్లో లేరని అందరూ చెబితే ఇంటికి వెళ్లాడట. మన పిల్లల్లో ఎవరిని లిఫ్టర్‌గా తీసుకోమంటారని అడిగితే "నాకు తెలీదు బాబూ" అని ఆయన తలుపు వేసుకున్నారట. "ఆయనకి నిజంగానే ఏమీ తెలీదేమో మేడం" అని నవ్వాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. తెలిసీ తెలియని మాటలు మాట్లాడకు, కూర్చో, నేను చెబుతాను విను అన్నాను. ఆ కుర్రాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందే చెబుతున్నాను, ఆటలంటే నాకు పడదు. నేను తెలుగు చెప్పుకునేదాన్ని. బంతి మీదికొస్తే కళ్లు మూసుకునే రకాన్ని. పాఠాలు మానిపించి ఎండలో గెంతించడం ఏమిటని ఎలీయేజరు మాస్టారితో చాలాసార్లు పోట్లాడాను కూడా. ఆయన నవ్వి ఊరుకునేవారు. పొట్టి మనిషి, మెడలో ఈల, చర్చికి వేసుకెళ్లే తెల్లచొక్కాయే గ్రౌండులోనూ. సాలూరు దగ్గర మిషన్ కాంపౌండులో పుట్టి, కుర్రతనంలో జిల్లా జట్టుకు లిఫ్టర్‌గా ఆడారు. ఆ పైకి ఎదగలేదు. పొట్టివాడివన్నారట.

లిఫ్టర్ అంటే ఏమిటో నాకూ ఆయనే చెప్పారు. వాలీబాల్లో అవతలివాళ్లు పంపిన బంతిని ఒకరు ఆపుతారు. దాన్ని రెండో మనిషి వేళ్లతో మెత్తగా నెట్ పక్కన పైకి లేపుతారు. మూడో మనిషి ఎగిరి కొడతారు. ఆ రెండో మనిషే లిఫ్టర్. చప్పట్లన్నీ కొట్టినవాళ్లకే. బంతి ఎవరికి లేపాలో రెప్పపాటులో తేల్చుకోవలసింది మాత్రం లిఫ్టర్. జట్టు మొత్తం ఆ పిల్ల చేతిలో ఉంటుంది.

మరి అలాంటి పిల్లను ఎలా ఎంచుతారు? ఎత్తు చూస్తారు, వేగం చూస్తారు అనుకున్నాను. ఈయన భోజనాల హాలు గుమ్మంలో నిలబడేవారు. మొదట్లో నేను అపార్థం చేసుకున్నాను. ఆదివారం కోడికూర వండిన పూట ఈయన గుమ్మం వదలకపోతే, ఇంట్లో భార్య మగ్దలేనమ్మ గారు వండి పెట్టడం లేదు కాబోలనుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. ఆయన తప్పుపట్టలేదు. "కూర తక్కువైన రోజు గరిటె ఎవరి సేతిలో ఉందో సూడండి టీచర్ గారూ. ఎవరి కంచం ఖాళీగా ఉందో ముందు దానికే కనబడాలి. తనకి పెట్టుకోడం మర్సిపోవాలి. ఆ గుంటే నా లిఫ్టరు" అన్నారు. గుంట అంటే మా వైపు ఆడపిల్ల.

ఇది ఆయనకు కొండ ఊళ్లల్లో తట్టిన సంగతి. కొండ మీద కొత్త సామలు వండే పండగనాడు ఊరంతా వరసగా అడ్డాకుల ముందు కూర్చుంటుంది. వడ్డించే మనిషి తనవాళ్ల ఆకు వైపు ముందు చూస్తే నవ్వులపాలే. ఏ ఆకు ఖాళీగా ఉంటే అక్కడికే గరిటె పోవాలి. వడ్డించినవాళ్లు చివర మిగిలింది తినాలి. కింద మైదానంలో మాకు వడ్డించేవాడు మనవాడైతే కడపటి బంతిలో కూర్చున్నా ఫరవాలేదని సామెత. పైన ఆ సామెత చెబితే వాళ్లకు అర్థం కాదు.

అలా ఎంచిన పిల్లల్ని ఏటా సెలెక్షన్లకు తీసుకెళ్లేవారు. వాళ్లు లేపిన బంతులు కొట్టిన పిల్లలు రైల్వేలో చేరారు, పోలీసుల్లో చేరారు. లిఫ్టర్లు మాత్రం ఎక్కిన బస్సే ఎక్కి తిరిగొచ్చేవారు. మగ్దలేనమ్మ గారు ఊరుకునే మనిషా? "నీ గుంటలు ఊరందరికీ పెట్టి ఉత్త సేతుల్తో ఇంటికొత్తారు. నీలాగే" అని దెప్పేవారు. ఆయన తలవంచుకుని అన్నం తినేవారు. రిటైరయ్యేలోగా ఒక్క లిఫ్టర్‌కైనా సీటు రావాలన్నది ఆయన కోరిక. ఆ ఒక్క పిల్ల హేమలత అనుకున్నారు.

హేమలత తండ్రి మంగ్లుకి కాస్త కాఫీ తోట ఉంది. తోటలో నీడకు పెంచిన సిల్వర్ ఓక్ చెట్ల మీదికి మిరియాల తీగ పాకుతుంది. ఆ మిరియాలు కోస్తూ మంగ్లు పడిపోయాడు. కాలు విరిగి వంకరగా అతుక్కుంది. ఇక చెట్టెక్కలేడు, బరువు మొయ్యలేడు. హేమలత తర్వాత ఇద్దరు చిన్నపిల్లలు. తల్లి ఒక్కతే ఎంతకని కష్టపడుతుంది? పదో తరగతి అవగానే హేమలతను మేనత్త సోములమ్మ వెంట సముద్రం ఒడ్డున రొయ్యలు వలిచే షెడ్డుకు పంపాలని ఇంట్లో నిర్ణయమైపోయింది.

ఆ సంవత్సరమే కింద పట్నంలోని ఒక స్పోర్ట్స్ అకాడమీవాళ్లు పాడేరులో సెలెక్షన్ పెట్టారు. సీటొస్తే తిండి, చదువు వాళ్లవే. ఇంటికి కూడా నెలనెలా ఎంతో కొంత పంపుతారు. పైగా ఈసారి ఒక లిఫ్టర్‌ని ప్రత్యేకంగా తీసుకుంటామన్నారు. ఎలీయేజరు మాస్టారు ఆ కబురు చెప్పడానికి నా క్లాసులోకే వచ్చేశారు. నేను ఛందస్సు చెబుతున్నాను. కోపం రావాలి గానీ ఆయన మొహం చూశాక రాలేదు. ఆ సాయంత్రమే కొండెక్కి మంగ్లు దగ్గర మాట తీసుకున్నారు. సీటొస్తే అకాడమీకి, రాకపోతే షెడ్డుకి.

ఆడపిల్లలకు తోడుగా నేనూ పాడేరు వెళ్లాను. మంచు ఇంకా విడవలేదు. అకాడమీ కోచ్ రవిబాబు అనే ఆయన. నేను ఆయన్ని తిట్టుకుందామని చాలా ప్రయత్నించాను గానీ తిట్టడానికి ఏమీ దొరకలేదు. పొట్టి పిల్లలని పక్కన పెట్టలేదు. పేరు పేరునా పిలిచాడు. వేర్వేరు స్కూళ్ల పిల్లల్ని కలిపి జట్లు చేసి ఆడిస్తూ, నోట్లో ఈలతో లైను పక్కనే తిరుగుతూ చూశాడు.

హేమలత ఆడింది. ఆటలు పడని నాకే చూపు తిప్పుకోబుద్ధి కాలేదు. ఎంత వంకరగా వచ్చిన బంతి అయినా ఆ పిల్ల వేళ్ల మీద ఒక్క క్షణం బుద్ధిగా ఆగి, కొట్టే పిల్ల చేతికి అందేటంత ఎత్తుకు లేచేది. ఇద్దరు పొడుగు పిల్లలు టపటపా కొడుతున్నారు. పాయింట్ల మీద పాయింట్లు. కోచ్ మా వైపు వచ్చి ఎవరండీ ఈ అమ్మాయి అని అడిగాడు. ఎలీయేజరు మాస్టారు ఈల సర్దుకుంటూ నా వైపు చూశారు. మా స్కూలే సార్ అని నేనే గొప్పగా చెప్పాను.

ఆ జట్టులో రంపచోడవరం నుంచి వచ్చిన డాలీ అనే పిల్ల ఉంది. బక్కపిల్ల. కాళ్లకు బూట్లు లేవు. అంతసేపూ ఒక మూల నిలబడి ఉంది, ఒక్క బంతీ అటు వెళ్లలేదు. హేమలత ఆ పిల్లను చూడటం నాకు కనిపించింది. ఆ తర్వాతి బంతి డాలీకి లేపింది. డాలీ ఎగిరి కొట్టింది, నెట్‌కి తగిలింది. ఇంకోటి లేపింది. మళ్లీ నెట్టే. పొడుగు పిల్లలు చేతులు చాపి అరుస్తున్నారు, మాకియ్యి మాకియ్యి అని. హేమలతకు వినబడలేదో, విననట్టు ఊరుకుందో. బంతి వచ్చిందల్లా డాలీకే. గెలిచే ఆట చేజారిపోయింది. పక్కనున్న ఎలీయేజరు మాస్టారి వైపు చూశాను. మనిషి మొహంలో నెత్తురు లేదు.

ఆట అయ్యాక కోచ్ హేమలతను పిలిచాడు. బాగా కొట్టేవాళ్లు ఖాళీగా ఉండగా ఆ అమ్మాయికే ఎందుకు లేపావని మెల్లిగానే అడిగాడు.

"ఆ గుంటకి అప్పటిదాకా ఒక్కటీ అందనేదు సార్" అంది హేమలత. అంతకంటే వేరే జవాబు ఉంటుందని ఆ పిల్లకు తోచినట్టే లేదు.

కోచ్ ఆ పిల్ల చేతుల వైపు చూశాడు. "నీ చేతులు చాలా మంచివమ్మా. కానీ లిఫ్టర్ చూడాల్సింది ఎవరికి అందలేదని కాదు, ఎవరు కొడితే జట్టు గెలుస్తుందని" అన్నాడు. సాయంత్రం అవతలి జట్టు లిఫ్టర్ పేరు చదివారు. కొట్టే పిల్లల పేర్లు తర్వాత స్కూళ్లకు ఫోన్ చేసి చెబుతామన్నారు.

తిరుగు బస్సులో హేమలత కిటికీ దగ్గర నిద్రపోయింది. నేను కోచ్‌ని నాలుగు దులుపుదామని మొదలుపెట్టాను. ఎలీయేజరు మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "ఆయన సెప్పింది నిజవే టీచర్ గారూ. పెట్టే గుంటని ఎంచడం ఒక్కటే నాకు తెలుసు. ఎవరికి పెట్టకూడదో నేర్పాలని నాకే తెలీదు. ఇన్నాళ్లూ ఎనక్కొచ్చిన గుంటలందరూ ఇలాగే ఎనక్కొచ్చారు. ఎత్తు సాల్లేదనుకున్నాను" అన్నారు. మెడలోని ఈల తీసి జేబులో వేసుకున్నారు. ఆ మనిషిని అలా చూస్తుంటే నాకు గుండె తరుక్కుపోయింది. కొండంత నమ్మకం ఒక్క పూటలో కూలిపోతే మనిషి దేన్ని పట్టుకుని నిలబడతాడు?

పరీక్షలయ్యాక మేమిద్దరం మంగ్లు ఇంటికి వెళ్లాం. ఇంకొక్క ఏడాది ఆగమని మాస్టారు బతిమాలారు. హేమలతను తన ఇంట్లో పెట్టుకుని ఇంటర్ చదివిస్తానన్నారు. ఆటలో తను నేర్పనిది నేర్పిస్తానన్నారు. మంగ్లు వంకరకాలు చాపుకుని అరుగు మీద కూర్చున్నాడు. కఠినంగా ఒక్క మాట అనలేదు. "దాన్ని మీరు సాకుతారు సార్. మరి ఈ గుంటల్నెవరు సాకుతారు? నానేటి సెయ్యగలను?" అన్నాడు.

వెళ్లేరోజు రోడ్డు దాకా మేమూ నడిచాం. జీపు అప్పటికే నిండిపోయింది. సోములమ్మ సంచులు పైకి అందిస్తూ బేగి రమ్మని కేకేస్తోంది. హేమలత గులాబీరంగు చున్నీ వేసుకుని, ఎక్కడికో పెళ్లికి వెళుతున్నట్టు జడ బిగించుకుంది. పాడేరులో పేరు చదవనప్పుడు ఏడవని పిల్ల. తండ్రి దండం పెట్టి మా ఇద్దర్నీ పంపేసిన రోజున గుమ్మంలో నిలబడి విని కూడా ఏడవలేదు. మాస్టారి కాళ్లకు దండం పెట్టింది. జీపులో ఒక కాలు పెట్టి ఆగింది.

"సార్, ఆ రంపసోడవరం గుంటకి సీటొచ్చిందా?"

మా ఇద్దరికీ తెలుసు. ఫోన్ ముందు రోజే వచ్చింది. డాలీ పేరు లేదు. వచ్చిందని చెప్పండి, ఆ ఒక్క అబద్ధం ఆడండి అని నేను కళ్లతోనే వేడుకున్నాను. కానీ ఆయన పిల్లలకు అబద్ధం చెప్పి ఎరగరు.

"రానేదమ్మా" అన్నారు.

హేమలత ఆయన్ని అలాగే చూసింది. "అయితే ఆ బంతులన్నీ ఒట్టినే పోయాయా సార్" అంది. అప్పుడు ఏడ్చింది. చున్నీ నోట్లో కుక్కుకుని, వెనక సీటులో ముడుచుకుని, అంతమంది మధ్య వెక్కివెక్కి ఏడ్చింది. మాస్టారు జీపు రాడ్ పట్టుకుని ఏదో చెప్పబోయారు. ఆయన చెప్పేలోగా డ్రైవర్ బండి కదిపాడు.