నాలుగో నంబరు రాయి

రాయిని వెలుతురు దాటిపోయేంత పల్చగా అరగదీయడం నా ఉద్యోగం. చుట్టాలు ఏం పని అని అడిగితే యూనివర్సిటీలో ల్యాబ్ టెక్నీషియన్ అని చెప్పి ఊరుకుంటాను. వివరంగా చెప్పబోతే, అంత గట్టి రాయిని అరగదీసి చివరికి ఏం చేస్తారని అడుగుతారు. చూస్తారు అంటే, నన్ను ఎగాదిగా చూస్తారు.

రీసెర్చ్ చేసే పిల్లలు గుట్టల మీద నుంచి రాళ్లు తెస్తారు. రంపపు చక్రం మీద నీళ్లు పోస్తూ నేను వాటి నుంచి ఒక్కో బిళ్ల కోస్తాను. దాని ఒక ముఖాన్ని కార్బొరండం పొడితో నున్నగా రుద్ది, చిన్న గాజు ముక్కకు జిగురుతో అంటిస్తాను. ఇక రెండో వైపు నుంచి అరగదీస్తూ పోవాలి, వెంట్రుక కంటే పల్చన అయ్యేదాకా. ఎంత నల్లరాయి అయినా అప్పుడు తేటపడుతుంది. దాన్నే స్లైడు అంటాం. చివరి రెండు నిమిషాల్లో చెయ్యి ఏమాత్రం బరువైనా రాయి మొత్తం నీళ్లలో కొట్టుకుపోయి ఉత్త గాజు మిగులుతుంది. ఈ పని నాకు నేర్పిన చాచా వేళ్లతో తడిమి మందం చెప్పేవాడు. తెలంగాణ వచ్చిన కొత్తలో ఆయన రిటైరయ్యాడు, ఆ జాగాలో నేను కాంట్రాక్టు మీద చేరాను. ఆయనంత విద్య రాలేదు గానీ నా చేతిలో స్లైడు పాడవడం అరుదు. ఈ ముక్క కాస్త గర్వంగానే చెప్పుకుంటున్నాను, ఎందుకంటే ఇకపై చెప్పబోయేదాంట్లో గర్వపడాల్సింది ఏమీ లేదు.

నాకొక జబ్బుంది. చేసిన ప్రతి స్లైడునూ మైక్రోస్కోపులో చూడందే నిద్ర పట్టదు. వండినవాడు రుచి చూడకుండా ఎట్లా ఉంటాడు? చూస్తే ఊరుకుంటానా, ఇదేంది, దానికి ఆ చారలెందుకు అని పక్కనున్న వాళ్ల ప్రాణం తీస్తాను. మా ప్రొఫెసర్ సారు ఒకసారి, రాళ్లను అరగదియ్యి గానీ మమ్మల్ని కాదు అన్నాడు. ఆ తర్వాత కూడా నేను మానలేదు.

ఒక ఏడాది ఎండాకాలంలో ఒక పరిశోధక విద్యార్థిని ఆరు నల్లరాళ్లు తెచ్చింది. కోస్గి దగ్గర రైతు కుటుంబం పిల్ల. వాళ్ల వైపు గ్రానైటు గుట్టల మధ్య బారుగా సాగే నల్లరాతి వరసల మీద ఆమె పని చేస్తోంది. ఒక్కో రాయి మీద తెల్ల పెయింటుతో ఒకటి నుంచి ఆరు దాకా నంబర్లు వేసింది. నెల రోజుల్లో సదస్సు ఉందని, అందులో తను మొదటిసారి మాట్లాడబోతున్నానని చెప్పింది. నన్ను అన్నా అనేది, నేను మేడం అనేవాణ్ని.

సరిగ్గా అదే వారం నా సంచిలో ఇంకో రాయి ఉంది. అది మక్తల్ దగ్గర ఊళ్లో ఉండే మా అవ్వది, బాపును కన్నతల్లిది. ఆమెకు పళ్లు లేవు, ఆకువక్క దంచుకుని తింటుంది. దంచుకునే గుండ్రాయి నా చిన్నప్పటి నుంచీ ఆమె మంచం కిందే ఉంది. పిడికెడు రాయి, ఎత్తితే మాత్రం చెయ్యి కిందికి లాగేది. లోపల ఏముందో చూసి తెస్తానని అడిగితే, రెండు రోజులే అని గడువు పెట్టి ఇచ్చింది. ల్యాబులో సొంత రాళ్లు కోయకూడదన్న నిబంధన నాకు తెలియనిదేం కాదు. ఆరు కోస్తున్నచోట ఏడు కోస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. ఒక పక్క నుంచి చిన్న ముక్క కోసుకుని గుండ్రాయిని అవ్వకు తిరిగిచ్చేశాను.

బిళ్లల మీద నంబరు పెన్నుతో రాస్తాం. అరగదీసే పొడి నీళ్లకు అది ఒక్కోసారి చెరిగిపోతుంది. అందుకే మళ్లీ మళ్లీ దిద్దుకోవాలి. ఆ రోజు నేను దిద్దలేదు. వేడి పలక మీద ఆరబెట్టినప్పుడు చూస్తే నంబరు లేని బిళ్లలు రెండున్నాయి. ఒకటి నాది, దాని మీద అసలు రాయనే లేదు. రెండోది నాలుగో నంబరు. రెండూ నల్లవే. కాసేపు అటూ ఇటూ తిప్పి, ఇదే నాలుగు అని తేల్చేశాను. పెద్ద రాయితో పోల్చి చూడటానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు పెట్టకపోవడానికి బద్ధకం తప్ప కారణం లేదు.

స్లైడ్లు ఇచ్చిన మర్నాడే ఆమె నన్ను పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. నాలుగో నంబరు స్లైడు. నల్లటి నేల మీద గుండ్రటి గింజలు, ఒకటి నీలం, ఒకటి గులాబీ, ఒకటి పసుపు. మైక్రోస్కోపు పలక తిప్పితే ఆరిపోతున్నాయి, మళ్లీ వెలుగుతున్నాయి. అన్నేళ్లలో అంత అందమైన రాయిని నేను చూడలేదు. ఇది మామూలు నల్లరాయి కాదని, భూమిలో బాగా లోతు నుంచి వచ్చే జాతిదని, ఆ వరసలో ఇది ఉన్నట్టు ఎవరూ రాయలేదని ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది. సారు కూడా వచ్చి చూసి, సదస్సులో దీని గురించే మాట్లాడమన్నాడు. నా చేతి స్లైడు కదా, నేనూ పొంగిపోయాను.

ఇక నా సొంత స్లైడు ఎట్లా ఉందో చూద్దామని మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక దాన్ని పెట్టాను. సన్న సన్న పుల్లలు అడ్డదిడ్డంగా పడేసినట్టు ఉంది. ఆమె మిగతా ఐదు స్లైడ్లూ అచ్చం ఇట్లాగే ఉన్నాయి.

పెయింటు నంబరున్న నాలుగో రాయిని తెచ్చి, కోసిన ముఖం మీద నా స్లైడు ఆనించాను. రాతిలో ఉన్న తెల్లటి సన్న గీత స్లైడులోని గీతతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసింది. అంటే ఆమె పొంగిపోతున్నది మా అవ్వ గుండ్రాయిని చూసి.

మూడు రోజులు నోరు మెదపలేదు. చెబితే సొంత రాయి కోసిన సంగతి బయటపడుతుంది. కాంట్రాక్టు ఏడాదికోసారి సారు సంతకంతో ముందుకు సాగాలి. చెప్పకపోతే ఆ పిల్ల పదిమంది ముందు నిలబడి లేని రాయిని ఉందని చెబుతుంది. రేపెవరో వెళ్లి వెతికితే దొరకదు, అబద్ధాలకోరు అన్న పేరు ఆమెకు మిగులుతుంది. నేను భయపడ్డాను, సిగ్గుపడ్డాను. భయమే ఎక్కువ ఉండిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. నాలుగో రోజు రెండు స్లైడ్లూ ఆ రాయీ ఆమె బల్ల మీద పెట్టి జరిగిందంతా చెప్పేశాను.

ఆమె తిట్టలేదు. గీత కలుస్తుందో లేదో తనే ఆనించి చూసుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. సారు మాత్రం బాగానే తిట్టాడు, కాంట్రాక్టు సంగతి తర్వాత చూస్తానన్నాడు. సదస్సులో ఆమె మామూలు నల్లరాళ్ల గురించి పది నిమిషాలు మాట్లాడి వచ్చింది. ఆ తర్వాత కూడా వారం దాకా నాతో ముక్తసరిగానే ఉంది. ఒకరోజు మధ్యాహ్నం రంపం దగ్గరికి వచ్చి నిలబడింది.

“అన్నా, ఇంతకు గా రాయి ఏడిది?”

“మా అవ్వది మేడం.”

“అవ్వకు ఏడ దొరికింది?”

నాకు తెలియదు. ఎక్కడ పుట్టిందో తెలియని రాయి ఎంత గొప్పదైనా చదువులో చెల్లదని ఇన్నేళ్లుగా వింటున్నాను. కనిపించిన ప్రతివాణ్నీ రాళ్ల గురించి ప్రశ్నలతో వేధించిన నేను, ఈ ఒక్క ప్రశ్న అవ్వను అడగలేదు.

ఆదివారం ఇద్దరం బస్సెక్కి మక్తల్ వెళ్లాం. అవ్వ ముందు నాతో తగాదాకు దిగింది, రాయికి చెక్క కోస్తే పట్టు జారుతోందట. ఆమె వక్కలు దంచుకుని దవడన పెట్టుకున్నాక ఆ పిల్ల నెమ్మదిగా సంగతి అడిగింది.

“బాయి తవ్వంగ ఎల్లింది బిడ్డా,” అంది అవ్వ. “వీళ్ల బాపు నా కడుపుల ఉండె. ఎండకాలమంత తట్టలల్ల రాళ్లు మోసిన. అన్ని ఒక తీరు, గిదొక్కటి ఒక తీరుండె. లోపల ఏమున్నదో అని పక్కకు పెట్టుకున్న. ఎవల్నడగాలె?”

“నాకెందుకు చెప్పలేదవ్వా?” అన్నాను.

“నువ్వు అడిగినవా?”

ఆ పిల్ల ఫోను తీసి అందులోని స్లైడు ఫొటో చూపించింది. అవ్వ ఫోనును చేతిలోకి తీసుకుని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది. ఒక్కో రంగు గింజ మీదా వేలు పెట్టింది. తర్వాత కర్ర అందుకుని పదండి అంది.

బావి ఊరికి అర కోసు దూరం. నీళ్లు లేవు, లోపల తుమ్మ చెట్లు మొలిచాయి. గట్టు మీద అప్పట్లో తవ్విపోసిన రాళ్ల కుప్ప మాత్రం అట్లాగే ఉంది. ఆ పిల్ల సుత్తితో ఒక రాయి పగలగొట్టింది, ఇంకొకటి పగలగొట్టింది. మైక్రోస్కోపులో రంగురంగులుగా వెలిగిన ఆ గింజలే మూడోదాని లోపల మామూలు కంటికి ఆకుపచ్చగా కనబడగానే నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టుతో నా మీద కోపం పోయిందని నాకర్థమైంది. అవ్వ మాత్రం ఇందులో వింతేముందన్నట్టు చూసింది. ఆమె మోసినవే కదా.

సంచులు నింపాక ఆ పిల్ల చీటీలు రాయడానికి కూర్చుంది. ఊరు, జిల్లా, తేదీ. జిల్లా దగ్గర అవ్వ పాలమూరు అంది, ఇప్పుడు నారాయణపేట అయిందని చెప్పాం. కనుగొన్నవారు అన్న గడి దగ్గర ఆగి, అవ్వను పేరడిగి పొందికగా రాసింది.

“ఏం రాసినవ్ బిడ్డా?”

“నీ పేరు రాసిన అవ్వా. ఈ రాయి నీకే దొరికింది కద.”

ఆ పిల్ల చీటీ మొత్తం చదివి వినిపించింది. అవ్వ కర్ర పక్కన పెట్టి కుప్ప మీద కూర్చుంది.

“ఇంకోపారి సదువు,” అంది.