ఖిల్లాను వెతికి తెచ్చిన ఉస్తాద్

ఆ రోజుల్లో సికింద్రాబాదులో ఫుట్‌బాల్ ఆడటానికి బూట్లు అక్కర్లేదు, కాళ్లుంటే చాలు. మా రాంగోపాల్‌పేట జట్టులో బూట్లున్నవాణ్ని నేనొక్కణ్నే. (నన్ను జట్టులోకి ఎందుకు తీసుకున్నారన్న ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు ఇప్పటికీ దొరకలేదు.) కాలేజీలో చదువుతున్నాను కాబట్టి అందరికీ నేను ‘కాలేజీ’ని. మా కెప్టెన్ దర్జీ, ఆయన అందరికీ ‘ఉస్తాద్’. కుట్టుమిషను తొక్కీ తొక్కీ గట్టిపడ్డ ఆయన కాలు తగిలితే బంతి ఏడ్చేదని చెప్పుకునేవాళ్లం. అలాంటి ఉస్తాద్ మమ్మల్ని వరసగా మూడేళ్లు ఫైనల్‌కు తీసుకెళ్లాడు. మూడేళ్లూ ఓడిపోయి వచ్చాం. కారణం ఒక్కటే, బొల్లారం జట్టు గోల్‌కీపర్. సన్నగా, పొడుగ్గా, వెదురుబొంగులా ఉండే ఆ మనిషిని ‘ఖిల్లా’ అనేవాళ్లు. ఉస్తాద్ ఊళ్లో ఉన్న గోల్‌కీపర్లందరి మీదా గోల్ కొట్టాడు, ఖిల్లా మీద తప్ప.

కప్పు ఇచ్చేది జనరల్ బజారులో ఒక కిరాణా సేట్. ఏడాది పొడుగునా అది ఆయన గల్లా పక్కన యాలకులు పోసుకోవడానికి పనికొచ్చేది. ఉస్తాద్ చక్కెర కొనే వంకతో ఆ దుకాణానికి వెళ్లి, యాలకులకేసి కాసేపు చూసి వచ్చేవాడు.

నాలుగో ఏడు మళ్లీ ఫైనల్‌కు వచ్చాం. సరిగ్గా ఆ వారమే నిజాం సర్కారు మీద పోలీసు చర్య వచ్చింది. (పేరుకు పోలీసు చర్యే, పోలీసులు మాత్రం ట్యాంకుల మీద వచ్చారు.) ఆట ఆగిపోయింది. బజారు మళ్లీ తెరుచుకున్నాక సేట్ మమ్మల్ని పిలిచి, యాలకులు డబ్బాలోకి ఒంపి, కప్పు తుడిచి ముందుపెట్టాడు.

“బొల్లారమోళ్లు ఒక్కొక్కడు ఒక్కో దిక్కు పోయిన్రు. ఇగ రారు. కప్పు మీదే, తీస్కపోండ్రి.”

నేను చెయ్యి చాచాను. ఉస్తాద్ ఆ చేతి మీద ఒక్కటిచ్చాడు.

“ఆడకుండ గెలుసుడేందీ సేట్? అంగీ కుట్టకుండ కూలి తీసుకున్నట్టు! జెర ఆగుండ్రి, వాళ్లను నేను తోలుకొస్త.”

“ఎవ్వలెక్కడున్నరని అడుగుడే భయమున్న రోజులు. నీకెందుకయ్యా పరేషాన్? నీకు కప్పు వద్దా?”

“మస్తు కావాలె. గందుకే తోలుకొస్తనంటున్న.”

దర్జీలకు అప్పుడు తీరిక బాగానే ఉండేది. షేర్వానీలు కుట్టించుకునేవాళ్లు లేరు. ఉన్నవాటిని పెట్టె అడుగున దాచుకునేవాళ్లే. ఉస్తాద్ సైకిలు తొక్కుతూ, నేను వెనక క్యారియర్ మీద కూర్చుని (ఆయన శ్రమను దగ్గరుండి గమనిస్తూ) ఊరంతా తిరిగాం. ఏ తప్పూ చేయనివాళ్లే ఎక్కువగా దాక్కున్నారు. ఒకడు మామగారింట్లో, ఒకడు కట్టెల అడితిలో, ఇలా ఒకరి ద్వారా ఒకరి జాడ తెలిసి అందరూ దొరికారు, ఖిల్లా తప్ప. అతను పాత సర్కారు దఫ్తరులో చప్రాసీ. సర్కారు కోసం అతను చేసిందల్లా ఫైళ్లు మోయడం, చాయ్‌లు తేవడం. అయినా భయపడి మల్కాజ్‌గిరిలో మేనత్త ఇంట్లో తలదాచుకున్నాడని చివరికి తెలిసింది.

తలుపు తట్టాం.

“ఇంట్ల మొగోళ్లు ఎవ్వల్లేరు, పోండ్రి!” అంది లోపలి నుంచి మేనత్త.

“అమ్మా, నేను రాంగోపాల్‌పేట దర్జీని. మూడేండ్ల సంది మీవోడు నన్ను గోల్ కొట్టనిస్తలేడు. ఈసారి కొట్టించుకోకుండ ఎట్ల దాక్కుంటడు?”

లోపల వడ్లగుమ్మి వెనక నుంచి నీరసంగా ఒక గొంతు వచ్చింది.

“మళ్ల ఓడిపోనీకి ఇంత దూరమొచ్చినవా, ఉస్తాద్?”

గుమ్మి చాటు నుంచి వచ్చిన మనిషిని చూసి మాకు నవ్వు రాలేదు. వెదురుబొంగు ఎండిపోయింది. బాటలో పట్టుకుంటారేమోనని అతను గడప దాటలేదు.

“పట్టుకుంటే నన్ను సుత పట్టుకుంటరు, కూసో. అరే కాలేజీ, నువ్వు నడువు. నీకు బూట్లున్నయి.”

నేను వెనక నడిచాను. దారిలో ఒక సిపాయి సైకిలు ఆపి, వెనక కూర్చున్నది ఎవరన్నాడు. గోల్‌కీపర్ అన్నాడు ఉస్తాద్. బాగా ఆడతాడా అన్నాడు సిపాయి.

“అదే కదా సాబ్ నా తక్లీఫ్!”

సిపాయి నవ్వి వదిలేశాడు.

పరేడ్ మైదానంలో ఆట జరిగింది. ఉస్తాద్ స్వయంగా మామగారింటి నుంచి బతిమాలి తెచ్చిన కుర్రాడు మొదటి సగంలోనే మా మీద గోల్ కొట్టి కృతజ్ఞత చెప్పుకున్నాడు. చివర్లో మాకు పెనాల్టీ వచ్చింది. గోల్ ముందు ఖిల్లా, ఎదురుగా ఉస్తాద్. ఉస్తాద్ కొట్టాడు. ఖిల్లా పక్కకు దూకి పడ్డాడు. లేచేసరికి బంతి అతని పొట్టను కరుచుకుని ఉంది, దాన్ని రిఫరీకి కూడా ఇవ్వకుండా కూర్చుని పగలబడి నవ్వుతున్నాడు. యాలకుల వాసనతో సహా కప్పు బొల్లారం వెళ్లిపోయింది.

తిరిగి వస్తూ, చదువుకున్నవాణ్ని కదా, అసలు సంగతి కనిపెట్టేశాననుకున్నాను.

“నిజం చెప్పు ఉస్తాద్. పాపమని కావాలనే మెల్లగ కొట్టినవ్ గదా?”

సైకిలు ఆగింది.

“దిగు.”

“ఏమైంది ఉస్తాద్?”

“మెల్లగ ఏందిరా? ఉన్న జోరంత పెట్టి కొట్టిన. వాడు పట్టిండు. తిండి లేక, నిద్ర లేక, చీకట్ల కూసోని వచ్చి సుత పట్టిండు! నేను ఇడిసిపెట్టిన అంటే వాని ఇజ్జత్ ఏం గావాలె? నడువు.”

నడిచాను. బూట్లు రెండు మడమలనూ సమానంగా కొరికాయి.

ఆ మరుసటేడు పోటీలే ఆగిపోయాయి. సేట్ యాలకులను డబ్బాలోనే ఉంచుకున్నాడు. ఉస్తాద్‌కు కప్పు రాలేదు. ఇప్పుడు నా జుట్టు కూడా ఆయన బట్ట మీద గీసే సుద్దముక్కలా తెల్లబడింది. ఈ కథ ఎవరికి చెప్పినా చివర్లో కళ్లు తుడుచుకుని, “ఆయన కావాలనే వదిలేశాడు కదండీ?” అంటారు. నాకు ఉస్తాద్ గొంతు వినిపిస్తుంది, నవ్వుకుంటాను. ఏం చేయను, వాళ్లను దింపి నడిపించడానికి నా దగ్గర సైకిలు లేదు.